కుకీ ఫైలును ప్రోగ్రాములోకి ఎక్కించడం ఎలా: కర్ల్, పైథాన్, మధ్యలో తెలుగు వికీపీడియా

బ్రౌజర్‌లో లాగిన్ అయ్యే ఉన్నారు. అదే పేజీని స్క్రిప్టుతో తెప్పిస్తే మాత్రం "లాగిన్ అవ్వండి" అనే పేజీ వస్తోంది. కుకీలు, అంటే మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైటు బ్రౌజరు దగ్గర ఉంచే చిన్న గుర్తులు, ఉన్న ఫైలు ఉంది, దాని పేరు ప్రోగ్రాముకి ఇచ్చారు, ఎర్రర్ ఏమీ రాలేదు. అయినా సర్వరు మిమ్మల్ని గుర్తుపట్టడం లేదు. కుకీ ఫైళ్లతో పని చేసేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

"కుకీలు లోడ్ చేయడం" అని ఒకే పనిలా అంటాం గానీ అందులో మూడు పనులున్నాయి. ప్రోగ్రాము ముందు ఫైలు చదవాలి. చదివిన ప్రతి వరుసనూ చెల్లే కుకీగా ఒప్పుకుని తన దగ్గర ఉంచుకోవాలి. కుకీలు ఉంచుకునే ఆ చోటునే జార్ అంటారు. ఆ తర్వాత సరైన రిక్వెస్టుతో వాటిని పంపాలి. ఈ మూడింట్లో ఎక్కడైనా కుకీ జారిపోవచ్చు, అదీ చాలాసార్లు చడీచప్పుడు లేకుండా. అందుకే ఒక్కో మెట్టు దగ్గర ఆగి, అది నిజంగా జరిగిందో లేదో చూసుకుంటూ పైకి వెళ్దాం.

ఉదాహరణకి తెలుగు వికీపీడియాని తీసుకుంటున్నాను. ఎవరైనా ఉచితంగా ఖాతా తెరుచుకోవచ్చు. పైగా "ఇప్పుడు నేనెవరిని?" అని అడిగితే నిక్కచ్చిగా జవాబు చెప్పే ఏపీఐ, అంటే ప్రోగ్రాములు ప్రశ్నలడిగే దారి, దానికి ఉంది. కుకీలు పని చేస్తున్నాయా లేదా అని తేల్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. మీ ఖాతా కుకీలు మీ ప్రోగ్రాములోనే వాడండి. వేరే సైట్లతో చేసేటప్పుడు వాళ్ల నిబంధనలు స్క్రిప్టులకు ఒప్పుకుంటాయో లేదో ముందే చూసుకోండి.

కమాండ్లను, పేర్లను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ఆప్షన్లకు పొట్టి అక్షరాలు కాకుండా పొడుగు పేర్లే వాడుతున్నాను, చదవగానే తెలిసిపోతాయి కాబట్టి.

మొదటి మెట్టు: ఫైలు లోపల ఏముందో తెలుసుకోండి

వెబ్ కుకీ 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది, దాన్ని తయారుచేసింది లూ మాంటుల్లీ. నెట్‌స్కేప్ బ్రౌజరు తన కుకీలను కుకీస్.టీఎక్స్‌టీ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసుకునేది. ఆ బ్రౌజరు పోయి చాలా ఏళ్లయింది గానీ ఫైలు పద్ధతి మిగిలింది. కర్ల్, డబ్ల్యూగెట్ (రెండూ టెర్మినల్ నుంచి వెబ్ పేజీలు తెప్పించే ప్రోగ్రాములు), పైథాన్, యూట్యూబ్ వీడియోలు దించే వైటీ-డీఎల్‌పీ, అన్నీ ఇవాళ్టికీ అదే పద్ధతి చదువుతాయి. బ్రౌజర్లు మాత్రం దాన్ని వదిలేశాయి. ఫైర్‌ఫాక్స్ 2008లో వచ్చిన 3వ వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్ డేటాబేసులో పెడుతోంది. క్రోమ్‌ది కూడా ఎస్‌క్యూలైటే, పైగా విలువలను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కాబట్టి బ్రౌజరు ఫోల్డర్లో కనిపించే కుకీల ఫైలును తీసుకెళ్లి కర్ల్‌కి ఇస్తే లాభం లేదు. నెట్‌స్కేప్ పద్ధతిలోకి మార్చిన ఫైలు కావాలి.

ఆ ఫైల్లో ఒక్కో వరుస ఒక్కో కుకీ. వరుసలో ఏడు గడులు, గడికీ గడికీ మధ్య ఒక ట్యాబ్. వరుసగా చెప్తాను: డొమైన్, సబ్‌డొమైన్లకు కూడా పంపాలా, పాత్, హెచ్‌టీటీపీఎస్ మీదే పంపాలా, గడువు, పేరు, విలువ. రెండో గడిలో, నాలుగో గడిలో పెద్ద అక్షరాలతో ట్రూ లేదా ఫాల్స్ ఉంటుంది. పాత్ సాధారణంగా ఒక్క స్లాష్. గడువు అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు. ఉదాహరణకి 1798761600 అని ఉంటే 2027 జనవరి 1, మన టైములో ఉదయం 5:30 దాకా చెల్లుతుందని అర్థం. పదంకెలు కాకుండా పదమూడు అంకెలు కనిపిస్తే ఎవరో మిల్లీసెకన్లలో రాశారన్నమాట, చివరి మూడంకెలు తీసేయాలి.

డొమైన్ గడి, దాని పక్క గడి కలిపి చదవాలి. ".వికీపీడియా.ఆర్గ్" అని ముందు చుక్కతో ఉండి, పక్కన ట్రూ ఉంటే ఆ కుకీ తెలుగు, ఇంగ్లీషు, హిందీ వికీపీడియాలన్నిటికీ వెళ్తుంది. "టీఈ.వికీపీడియా.ఆర్గ్" అని చుక్క లేకుండా, పక్కన ఫాల్స్‌తో ఉంటే తెలుగు వికీపీడియాకి మాత్రమే వెళ్తుంది. లాగిన్ అయ్యాక మీ ఫైల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. టీఈవికీసెషన్ అనే కుకీ తెలుగు వికీపీడియా ఒక్కదానిదే. సెంట్రల్‌ఆథ్_టోకెన్ అనేది వికీపీడియా.ఆర్గ్ మొత్తానిది. ఒకసారి లాగిన్ అయితే మిగతా భాషల వికీపీడియాల్లో కూడా మీ పేరు కనిపించేది ఇలాంటి కుకీల వల్లే. జియోఐపీ అని ఇంకొకటి కూడా ఉంటుంది, దాని విలువ చదివి చూడండి: మీ దేశం, రాష్ట్రం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు ఉజ్జాయింపుగా ఉంటాయి. కుకీ ఫైలును ఎవరికీ పంపొద్దని చెప్పడానికి ఆ ఒక్క వరుస చాలు.

కొన్ని వరుసల మొదట "#హెచ్‌టీటీపీఓన్లీ_" అని ఉండి, దానికి అతుక్కుని డొమైన్ ఉంటుంది. పేజీలోని జావాస్క్రిప్టుకు అందకుండా దాచిన కుకీకి అది గుర్తు. కర్ల్ ఫైలు రాసేటప్పుడు ఇలాగే రాస్తుంది. మామూలుగా # తో మొదలయ్యే వరుస వ్యాఖ్య కాబట్టి, ఈ ఆనవాయితీ తెలియని ప్రోగ్రాము దాన్ని చదవకుండా దాటేస్తుంది. లాగిన్ కుకీలు దాదాపు ఎప్పుడూ ఈ రకానివే అయి ఉంటాయి. పాత పైథాన్ వెర్షన్లు ఇలాగే దాటేసేవి: పనికిరాని కుకీలన్నీ లోడయ్యేవి, కావాల్సిన ఒక్కటీ తప్ప. మీ సర్వర్లో పాత పైథాన్ ఉంటే, ఫైలు నకలు తీసుకుని ఆ నకల్లో ముందున్న ఆ మాటను చెరిపేసి డొమైన్‌ను మాత్రం ఉంచండి.

రెండో మెట్టు: ఫైలు తయారుచేసుకోండి

బ్రౌజరు ఎక్స్‌టెన్షన్‌తో దించుకోవడం తేలికైన దారి. కానీ ఎక్స్‌టెన్షన్‌ను ఎంచుకునేటప్పుడు తొందరపడొద్దు. అది మీరు లాగిన్ అయి ఉన్న ప్రతి సైటు కుకీనీ చూడగలదు. ఒకప్పుడు చాలామంది వాడిన అలాంటి ఎక్స్‌టెన్షన్ ఒకదాన్ని, మాల్‌వేర్ అని ఫిర్యాదులు వచ్చి, క్రోమ్ స్టోర్ నుంచి తీసేశారు. సోర్సు కోడ్ బయట ఉన్నదాన్నే తీసుకోండి. ఒక్క సైటు కుకీలే దించే వీలుంటే అదే వాడండి, పని అయ్యాక తీసేయండి. దించేటప్పుడు నెట్‌స్కేప్ పద్ధతి ఎంచుకోవాలి. జేసన్ అనే వేరే పద్ధతి ఎంచుకుంటే ఆ ఫైలును కర్ల్ గానీ డబ్ల్యూగెట్ గానీ చదవలేవు.

ప్రైవేట్ విండో తెరిచి, అందులో లాగిన్ అయి, కుకీలు దించుకుని, లాగౌట్ కొట్టకుండా విండో మూసేయడం నాకు నచ్చిన పద్ధతి. కొన్ని సైట్లు సెషన్ (ఒక లాగిన్ మొదలై ముగిసేదాకా నడిచే గుర్తింపు) కుకీని తరచూ మారుస్తుంటాయి. బ్రౌజరు, స్క్రిప్టు రెండూ ఒకే సెషన్ మీద నడిస్తే బ్రౌజరుకి కొత్త కుకీ అందుతుంది, మీ ఫైల్లో పాతది మిగిలిపోతుంది. విండో మూసేస్తే ఆ సెషన్ మీ స్క్రిప్టు ఒక్కదానిదే అవుతుంది. లాగిన్ పేజీలో "నన్ను లాగిన్ అయ్యే ఉంచు" అన్న పెట్టెలో టిక్ పెట్టడం మర్చిపోకండి, గడువు ఎక్కువున్న కుకీలు వస్తాయి.

ఎక్స్‌టెన్షన్ వద్దనుకుంటే ఎఫ్12 నొక్కి చేత్తో రాసుకోవచ్చు. క్రోమ్‌లో అప్లికేషన్ ట్యాబ్, ఫైర్‌ఫాక్స్‌లో స్టోరేజ్ ట్యాబ్, అందులో కుకీస్. ఒకటి రెండు కుకీలకైతే ఇదే మేలు.

మూడో మెట్టు: ప్రోగ్రాముకి ఇచ్చే ముందు ఫైలును కళ్లతో చూడండి

దీన్ని దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి, సగం సమస్యలు ఇక్కడే పట్టుబడతాయి.

మొదటి వరుస "# నెట్‌స్కేప్ హెచ్‌టీటీపీ కుకీ ఫైల్" అని ఉండాలి, నెట్‌స్కేప్ అన్న మాట లేకపోయినా ఫర్వాలేదు. కర్ల్ ఈ వరుస లేకపోయినా పట్టించుకోదు. పైథాన్ మాత్రం ఫైలు మొత్తాన్నీ తిరగ్గొట్టి లోడ్‌ఎర్రర్ ఇస్తుంది. విండోస్‌లో కొన్ని టూల్స్ ఫైలు మొదట్లో బామ్ అనే కనిపించని గుర్తు పెడతాయి. అది ఉంటే మొదటి వరుస కంటికి సరిగ్గానే కనిపిస్తుంది, పైథాన్ మాత్రం ఒప్పుకోదు. ఎడిటర్‌లో "యూటీఎఫ్-8, బామ్ లేకుండా" అని సేవ్ చేస్తే పోతుంది.

ఆ తర్వాత ట్యాబ్‌లు. వాట్సాప్‌లోనో మెయిల్లోనో పంపించుకున్న వరుసల్లో ట్యాబ్‌లు స్పేసులైపోతాయి. స్క్రీను మీద తేడా కనపడదు. లినక్స్‌లో, మ్యాక్‌లో క్యాట్ కమాండుకి వి, ఇ, టి అనే మూడు చిన్న అక్షరాలను ఒక హైఫన్ వెనక కలిపి ఇచ్చి ఫైలు చూడండి. ప్రతి ట్యాబ్ స్థానంలో ^ఐ కనిపించాలి, వరుసకి ఆరు. అవి లేకుండా ఖాళీలే ఉంటే స్పేసులన్నమాట. ఇలాంటి వరుసను కర్ల్ నోరెత్తకుండా పక్కన పడేస్తుంది. పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, నిజానికి అదే మంచిది. వరుస చివర ^ఎమ్ కనిపిస్తే విండోస్ లైన్ ముగింపులున్నాయని అర్థం. అవి కుకీ విలువకు అతుక్కుని వెళ్తే సర్వరు 400 బ్యాడ్ రిక్వెస్ట్ అంటుంది. కుకీలు ఇవ్వగానే 400 మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చుక్క సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. డొమైన్ ముందు చుక్క ఉంటే రెండో గడిలో ట్రూ, లేకపోతే ఫాల్స్. కర్ల్ చుక్కను లెక్కచేయకుండా రెండో గడినే నమ్ముతుంది. పైథాన్ రెండూ పొసగాలని పట్టుబడుతుంది. ఒక్క వరుసలో పొసగకపోయినా ఫైలు మొత్తం చెల్లదంటుంది. చేత్తో రాసిన వరుసల్లో ఈ పొరపాటు బాగా దొర్లుతుంది.

పేరు __హోస్ట్- అని మొదలయ్యే కుకీ ఉంటే ఇంకో నియమం: రెండో గడి ఫాల్స్, పాత్ ఒక్క స్లాష్, నాలుగో గడి ట్రూ కావాలి. లేదంటే కర్ల్ దాన్ని తీసుకోదు.

నాలుగో మెట్టు: కర్ల్‌తో పరీక్షించండి

మీ అసలు ప్రోగ్రాము ఏ భాషలో ఉన్నా ముందు కర్ల్‌తో పరీక్షించండి. కర్ల్‌తో పని చేస్తే ఫైల్లో కుకీలు సజీవంగా ఉన్నట్టే, మిగిలిన గొడవంతా మీ కోడ్‌లోనే వెతుక్కోవచ్చు.

ముందు కుకీలు లేకుండా అడగండి. తేడా కనపడాలంటే మొదటి జవాబు తెలిసి ఉండాలి కదా.

కర్ల్ "హెచ్‌టీటీపీఎస్://టీఈ.వికీపీడియా.ఆర్గ్/డబ్ల్యూ/ఏపీఐ.పీహెచ్‌పీ?యాక్షన్=క్వెరీ&మెటా=యూజర్‌ఇన్ఫో&ఫార్మాట్=జేసన్"

అడ్రసును కొటేషన్లలో పెట్టడం తప్పనిసరి. లేకపోతే షెల్ మొదటి & దగ్గరే దాన్ని తెంచేస్తుంది. జవాబులో ఐడీ 0 అని, అనాన్ అని ఉంటాయి. అంటే "మీరెవరో నాకు తెలియదు" అంటోంది వికీపీడియా. ఇప్పుడు అదే అడ్రసుకి ముందు ఫైలు జోడించండి.

కర్ల్ --కుకీ కుకీస్.టీఎక్స్‌టీ "అదే అడ్రసు"

ఈసారి మీ వాడుకరి పేరు, సున్నా కాని ఐడీ వస్తే ఫైలు బాగుంది. మళ్లీ అనాన్ అనే వస్తే కమాండుకి --వెర్బోస్ కలపండి. బయటికి వెళ్లే వరుసల ముందు > గుర్తు ఉంటుంది. వాటిలో కుకీ: అని మొదలయ్యే వరుస ఉందా? అసలు లేదంటే ఫైలు చదవలేదు, లేదా కుకీలు ఈ అడ్రసుకు చెందినవి కావు. ఉండి, టీఈవికీసెషన్ గానీ సెంట్రల్‌ఆథ్_టోకెన్ గానీ అందులో లేవంటే ఆ వరుసలే రాలిపోయాయి. అన్నీ వెళ్తున్నా అనాన్ అంటుంటే కుకీలు సర్వరు దగ్గర చెల్లకుండా పోయాయి, మళ్లీ లాగిన్ అయి కొత్తవి దించుకోవాలి. తరచూ ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఈ మూడు రకాల్లోనే పడతాయి.

ఫైలు పేరు తప్పు రాస్తే కర్ల్ ఎర్రర్ ఇవ్వదని గుర్తుంచుకోండి. లేని ఫైలు ఇచ్చినా కుకీల యంత్రాంగాన్ని మొదలుపెట్టి ఖాళీ జార్‌తో ముందుకెళ్తుంది. వేరే ఫోల్డర్లోంచి స్క్రిప్టు నడిపినప్పుడు, వేళకి స్క్రిప్టులు నడిపే క్రాన్‌లో పెట్టినప్పుడు ఇది తగులుతుంది, కాబట్టి ఫైలు పూర్తి దారి రాయండి. ఇంకొకటి: --కుకీకి ఇచ్చిన మాటలో = గుర్తు ఉంటే కర్ల్ దాన్ని ఫైలు పేరు అనుకోదు, అదే కుకీ అనుకుని నేరుగా పంపేస్తుంది. ఫైలు పేరులో, ఫోల్డరు పేరులో ఆ గుర్తు లేకుండా చూసుకోండి.

--కుకీ చదవడానికే. సర్వరు కొత్తగా ఇచ్చిన కుకీలు ఫైల్లోకి చేరాలంటే --కుకీ-జార్ కూడా ఇవ్వాలి. రెండింటికీ ఒకే ఫైలు ఇవ్వొచ్చు, మొదట్లో చదివి చివర్లో తిరగరాస్తుంది. తిరగరాస్తుంది కాబట్టే అసలు ఫైలు నకలు ఒకటి పక్కన పెట్టుకోండి. సర్వరు కుకీని చెరిపేయమంటే మీ ఫైల్లోంచి కూడా పోతుంది. రెండు స్క్రిప్టులు ఒకేసారి ఒకే ఫైలు మీద రాస్తే చివర రాసినదే మిగులుతుంది, అందుకని వాటికి వేర్వేరు ఫైళ్లు ఇవ్వండి. సీ భాషలో లిబ్‌కర్ల్ వాడుతుంటే చదవడానికి కర్ల్‌ఆప్ట్_కుకీఫైల్, రాయడానికి కర్ల్‌ఆప్ట్_కుకీజార్. ఫైలు రాయడం హ్యాండిల్‌ను క్లీనప్ చేసేటప్పుడు జరుగుతుంది, క్లీనప్ పిలవకుండా ప్రోగ్రాము ముగిస్తే ఏమీ రాయదు.

డబ్ల్యూగెట్‌లో ఇదే పని --లోడ్-కుకీస్, --సేవ్-కుకీస్ చేస్తాయి. సేవ్ చేసేటప్పుడు --కీప్-సెషన్-కుకీస్ కూడా ఇవ్వాలి, లేకపోతే సెషన్ కుకీలు ఫైల్లోకి రావు.

ఐదో మెట్టు: పైథాన్‌లోకి ఎక్కించండి, సున్నా దగ్గర జాగ్రత్త

హెచ్‌టీటీపీ.కుకీజార్ అనే మాడ్యూలు పైథాన్‌తోపాటే వస్తుంది. అందులోంచి మాజిల్లాకుకీజార్ అనే క్లాసును తీసుకుని, ఫైలు పేరిచ్చి జార్ తయారుచేయండి. తర్వాత లోడ్ అనే మెథడ్‌ను పిలవాలి. దానికి ఇగ్నోర్_డిస్కార్డ్, ఇగ్నోర్_ఎక్స్‌పైర్స్ అని రెండు ఆప్షన్లు, రెండింటికీ ట్రూ ఇవ్వండి. మొదటిది ఇవ్వకపోతే సెషన్ కుకీలు జార్‌లోకి రావు. రెండోది ఎందుకో కింద చెప్తాను.

సెషన్ కుకీకి గడువు ఉండదు, బ్రౌజరు మూస్తే పోవాలి. మరి ఏడు గడుల వరుసలో గడువు గడిలో ఏం రాయాలి? కర్ల్, డబ్ల్యూగెట్ 0 అని రాస్తాయి. చదివేటప్పుడు కూడా 0 అంటే సెషన్ కుకీ అనే అర్థం చేసుకుంటాయి. పైథాన్ అలా అనుకోదు. గడి ఖాళీగా ఉంటేనే దానికి సెషన్ కుకీ. 0 కనిపిస్తే 1970 జనవరి 1నే గడువు తీరిపోయిందని లెక్క వేస్తుంది. ఇగ్నోర్_ఎక్స్‌పైర్స్ ఇస్తే జార్‌లోకి రానిస్తుంది. కానీ రిక్వెస్టు పంపే ముందు గడువు మళ్లీ చూస్తుంది, తీరిన కుకీని పంపదు. అంటే జార్‌ను ప్రింట్ చేస్తే కుకీ కనిపిస్తుంది, సర్వరుకు మాత్రం వెళ్లదు. టీఈవికీసెషన్ సరిగ్గా ఇలాంటి కుకీయే. కర్ల్‌తో బ్రహ్మాండంగా పని చేసిన ఫైలు పైథాన్‌లో చేయడం లేదంటే ముందు ఇది చూడండి.

మందు చిన్నదే. లోడ్ అయిన వెంటనే జార్‌లోని కుకీలన్నిటి మీద ఒక లూప్ నడపండి. ఏ కుకీకి ఎక్స్‌పైర్స్ 0 ఉందో దానికి ఎక్స్‌పైర్స్ నన్ (పైథాన్‌లో "ఏమీ లేదు") అని, డిస్కార్డ్ ట్రూ అని మార్చండి. మూడు నాలుగు వరుసల కోడ్. వైటీ-డీఎల్‌పీ కూడా తన లోపల ఇదే దిద్దుబాటు చేసుకుంటుంది. నిజంగా గడువు తీరిన కుకీలు వేరే ఉంటే వాటిని ముట్టుకోకండి, 0 ఉన్నవాటినే మార్చండి.

ఇప్పుడు రిక్వెస్ట్స్ లైబ్రరీలో ఒక సెషన్ తెరిచి, దాని కుకీస్‌కి ఈ జార్‌ను అప్పగించండి. అప్‌డేట్ మెథడ్‌తో కలపొచ్చు కూడా, కానీ అప్పుడు కుకీల నకళ్లు సెషన్‌లోకి వెళ్తాయి. తర్వాత సర్వరు ఇచ్చే కొత్త కుకీలు సెషన్‌లోనే ఉంటాయి తప్ప మీ జార్‌లోకి రావు, జార్‌ను సేవ్ చేస్తే పాతవే ఫైలుకెక్కుతాయి. నేరుగా అప్పగిస్తే ఆ తంటా లేదు.

అదే ఏపీఐ అడ్రసుకి గెట్ పంపండి. యూజర్-ఏజెంట్ హెడర్లో (అడిగేది ఏ ప్రోగ్రామో సర్వరుకి చెప్పే వరుసలో) మీ స్క్రిప్టు పేరు, మిమ్మల్ని చేరే దారి రాయాలి, వికీమీడియా విధానం అదే అడుగుతుంది. లైబ్రరీ పెట్టే మామూలు పేరుతో వెళ్తే 403 రావచ్చు. దాన్ని చూసి కుకీల తప్పు అనుకుని గంటలు పోగొట్టుకోకండి. జవాబు వచ్చాక రెస్పాన్స్ లోపలున్న రిక్వెస్ట్.హెడర్స్‌లో కుకీ ఏముందో ప్రింట్ చేయండి. జార్‌ను ప్రింట్ చేస్తే ఉన్నవి తెలుస్తాయి, దీన్ని ప్రింట్ చేస్తే వెళ్లినవి తెలుస్తాయి. మీకు కావాల్సింది వెళ్లినవే. మధ్యలో రీడైరెక్టులు ఉంటే ఇది చివరి రిక్వెస్టుది మాత్రమే చూపిస్తుంది, ముందువి హిస్టరీలో ఉంటాయి.

పరీక్ష అయిపోయాక కూడా ఒక కాపలా ఉంచండి. వికీపీడియా ఏపీఐకి అసర్ట్=యూజర్ అనే పారామీటరు ఉంది. దాన్ని ప్రతి రిక్వెస్టుకీ కలిపితే, లాగిన్ పోయిన క్షణాన అసర్ట్‌యూజర్‌ఫెయిల్డ్ అనే ఎర్రర్ వస్తుంది, అనామకంగా ముందుకెళ్లదు. రాత్రంతా నడిచే స్క్రిప్టుకి ఇది లేకుండా ఉండకూడదు. మార్పులు చేసే స్క్రిప్టయితే కుకీతోపాటు టోకెన్ (మార్పు మీరే పంపారని చూపే రహస్య అక్షరాల వరుస) కూడా కావాలి. ఏపీఐని టోకెన్ అడిగితే ఒక ప్లస్, ఒక వెనక్కి వాలిన గీత మాత్రమే వచ్చాయనుకోండి, అది లాగిన్ లేనివాళ్లకిచ్చే టోకెన్. అసలైనదానికి ముందు పొడవైన అక్షరాల వరుస ఉంటుంది.

జార్‌ను సేవ్ చేసేటప్పుడు కూడా ఆ రెండు ఆప్షన్లకూ ట్రూ ఇవ్వాలి. పైథాన్ రాసిన ఫైల్లో సెషన్ కుకీల గడువు గడి ఖాళీగా ఉంటుంది, దాన్ని మళ్లీ కర్ల్‌కి ఇవ్వాలంటే ఆ గడిలో 0 వేసి ఇవ్వండి. అసలు ఒక్కో టూల్‌కి ఒక్కో ఫైలు ఉంచుకుంటే ఈ మార్పిడి బాధే ఉండదు.

వేరే పద్ధతుల ఫైళ్లు ఎదురైతే

తెలుగు వికీలో బాట్లు, అంటే వాటంతటవే మార్పులు చేసే ప్రోగ్రాములు, నడిపేవాళ్లు పైవికీబాట్ వాడుతుంటారు. అది కుకీలను డాట్ ఎల్‌డబ్ల్యూపీతో ముగిసే ఫైల్లో పెడుతుంది. దాని మొదటి వరుస #ఎల్‌డబ్ల్యూపీ-కుకీస్-2.0. అది నెట్‌స్కేప్ పద్ధతి కాదు, పెర్ల్ లైబ్రరీ నుంచి వచ్చిన వేరే పద్ధతి. మాజిల్లాకుకీజార్‌కి ఇస్తే లోడ్‌ఎర్రర్ వస్తుంది, పక్కనే ఉన్న ఎల్‌డబ్ల్యూపీకుకీజార్ చదువుతుంది. క్రమం తప్పకుండా మార్పులు చేసే బాట్‌కైతే బ్రౌజరు కుకీలు ఎత్తుకొచ్చే పనే పెట్టుకోవద్దు. ప్రత్యేక పేజీల్లో బాట్ పాస్‌వర్డ్ తీసుకోండి, లేదా ఓఆథ్ (పాస్‌వర్డ్ ఇవ్వకుండా ప్రోగ్రాముకి అనుమతిచ్చే పద్ధతి) వాడండి. వాటికి ఏయే హక్కులివ్వాలో మీరే ఎంచుకోవచ్చు, కుకీకి ఆ వీలు లేదు.

బ్రౌజరును ప్రోగ్రాముతో నడిపే సెలీనియంలో కుకీ కలపాలంటే ముందు ఆ సైటులోని ఏదో ఒక పేజీ తెరిచి ఉండాలి. ఖాళీ పేజీ మీద యాడ్_కుకీ పిలిస్తే డొమైన్ కుదరలేదని ఎర్రర్ ఇస్తుంది. అలాంటిదే అయిన ప్లేరైట్‌కి స్టోరేజ్_స్టేట్ అనే సొంత జేసన్ ఫైలు ఉంది, అందులో కుకీలతోపాటు లోకల్ స్టోరేజ్ (బ్రౌజరులో సైటు వాడుకునే ఇంకో నిల్వ) కూడా ఉంటుంది. కొన్ని సైట్లు లాగిన్‌ను లోకల్ స్టోరేజ్‌లోనే దాస్తాయి. అలాంటి చోట కుకీ ఫైలు ఎంత సరిగ్గా ఉన్నా పని కాదు. ఇంకొన్ని సైట్లు కుకీతోపాటు యూజర్-ఏజెంట్, ఐపీ అడ్రసు కూడా పోల్చి చూస్తాయి. ఇంట్లో దించిన కుకీ క్లౌడ్ సర్వర్లో పని చేయకపోతే కారణం ఇది కావచ్చు.

ఫైలును కాపాడుకోండి

ఈ ఫైలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి మీ ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, ఎందుకంటే అవన్నీ దాటాక వచ్చిన కుకీ అది. లినక్స్‌లో చ్‌మాడ్ 600 పెట్టండి, మీరు తప్ప ఎవరూ చదవలేరు. గిట్ వాడుతుంటే ఫైలు తయారుచేయడానికి ముందే దాని పేరు గిట్‌ఇగ్నోర్‌లో చేర్చండి. ఒకసారి కమిట్ అయ్యాక తర్వాతి కమిట్‌లో తొలగించినా పాత చరిత్రలో ఉండిపోతుంది. --వెర్బోస్‌తో తీసిన అవుట్‌పుట్‌ను సహాయం కోసం ఎవరికైనా పంపేటప్పుడు కుకీ: వరుసలోని విలువలు కొట్టేయండి. స్క్రీన్‌షాట్ అయినా అంతే.

ఫైలు ఎవరికైనా అందిందని అనుమానం వస్తే దాన్ని డిలీట్ చేసినందువల్ల లాభం లేదు, నకలు వాళ్ల దగ్గర ఉంది. సర్వరు దగ్గర సెషన్‌ను చంపాలి. వికీపీడియాలో లాగౌట్ నొక్కితే అన్ని పరికరాల్లోనూ లాగిన్ పోతుంది, బయటికి పోయిన ఫైలు కూడా ఆ క్షణం నుంచి చెల్లదు. మీ స్క్రిప్టు కూడా ఆగిపోతుంది, దానికి కొత్త ఫైలు దించి ఇవ్వాలి. వేరే సైట్లలో మామూలు లాగౌట్ ఆ ఒక్క సెషన్‌నే ముగించవచ్చు, అక్కడ సెట్టింగ్స్‌లోకి వెళ్లి "అన్ని పరికరాల నుంచి లాగౌట్" ఎంచుకోండి. ఆ తర్వాత పాత ఫైలుతోనే నాలుగో మెట్టులోని కర్ల్ కమాండు ఇంకోసారి నడపండి. జవాబులో అనాన్ వస్తే పాత కుకీలు నిజంగా చచ్చాయని ఖాయం చేసుకోవచ్చు.